శివారు పల్లెలు: వాటి ఉనికి, జనసంఖ్య

బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూరు పరిసరములలో కాలువగట్ల వెంబడి పోవువారికి ‘క్యాంపు’ అను మాటతో ముగియు ఊరిపేర్లు తరచుగా కనబడును. అచట ఇండ్లు కలవు, బడి కలదు, గుడి కలదు, వరికళ్లములు కలవు. కాని జనగణన పుస్తకము తెరచి ఆ పేరు వెదకినచో పెక్కుచోట్ల దొరకదు. ఇది గణకుల పొరపాటు కాదు. పల్లెపట్టులలో జనగణనకు ప్రమాణము రెవెన్యూ గ్రామము. సర్వేలో ఎల్లలు నిర్ణయమైన ఆ గ్రామమున ఎన్ని ఆవాసములున్నను, క్యాంపు గాని తండా గాని గూడెము గాని, అన్నిటి జనమును కలిపి ఒకే అంకెగా ప్రకటింతురు.

ఇందొక వింత కలదు. మనుష్యులెవ్వరును కాపురముండని రెవెన్యూ గ్రామమును మన ప్రాంతమున బేచిరాగు గ్రామమందురు. అనగా దీపము లేని ఊరని అర్థము. దీపము లేని ఆ ఊరికి పుస్తకమున ఒక వరుస కలదు, దాని విస్తీర్ణము కూడ అందు కలదు. నూరు దీపములు వెలుగు క్యాంపునకు మాత్రము వరుస లేదు.

ఈ క్యాంపులు ఇచటనే ఏల వెలసినవో తెలియవలెనన్న నిజాంసాగరు కడకు పోవలెను. మంజీరా నదిపై అచ్చంపేట యొద్ద 1923లో ప్రారంభమైన ఈ నిర్మాణము 1931లో పూర్తియైనది. నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు దీనికి ప్రధాన శిల్పి. సుమారు రెండు లక్షల డెబ్బదియైదు వేల యెకరములకు నీరందింప నుద్దేశించిన ప్రాజెక్టు ఇది. నీరు వచ్చినది గాని, అంత మాగాణిని సాగుచేయు అలవాటు నాటి గ్రామములలో చాలినంత లేదు. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములనుండి రైతులు వచ్చి భూములు కొని, పొలముల చెంతనే పాకలు వేసికొనిరి. తాత్కాలికమనుకొన్న విడిది స్థిరమైన ఊరైనది. పాత గ్రామములు చెరువును, గడీని ఆశ్రయించి పెరుగగా, క్యాంపులు తూమును, పిల్లకాలువను ఆశ్రయించి పెరిగినవి. కనుకనే అవి మూలగ్రామమునకు దూరముగా, ఒక్కొక్కప్పుడు రెండు గ్రామముల శివారులు కలియుచోట నుండును.

కర్మాగారము చుట్టును పెరిగిన ఆవాసమునకు శక్కర్‌నగరు మంచి ఉదాహరణము. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము చుట్టును కార్మికుల ఇండ్లు వెలసి, ఆ ఆవాసమునకు చక్కెర పేరే పేరైనది. నేలను బట్టి కాక పనిని బట్టి ఏర్పడిన ఊరిది. 2002లో కర్మాగారమున అధికభాగము ప్రైవేటు యాజమాన్యము చేతికి పోయినది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు మూడును మూతపడినవి. పనిని నమ్ముకొని వెలసిన ఊరి జనసంఖ్య పనితోపాటు మారును. పదేండ్లకొకసారి తీయు లెక్క ఆ మార్పును వెంటనే చూపజాలదు.

ఇట్టి ఆవాసములు మనకు మాత్రమే ఉన్నవనుకొనరాదు. అమెరికా దేశమున పురపాలక ప్రతిపత్తి లేని జనావాసములు వేలకొలది కలవు. వాటికి మేయరు లేడు, సొంత సభ లేదు. మన జిల్లా వంటి ‘కౌంటీ’ వాటి వ్యవహారములు చూచును. అందు అన్నియు చిన్న పల్లెలు కావు. లాస్ వేగాస్ పేరుతో లోకమెరిగిన వినోదవీధి అధికభాగము ఆ నగరములో లేదు. పారడైజ్ అను ఇట్టి ఆవాసముననే యున్నది. 2020 జనగణనలో దాని జనసంఖ్య 1,91,238. ఆ దేశపు జనగణనశాఖ 1950లోనే వెయ్యిమందికి మించిన ఇట్టి ఆవాసములకు హద్దులు గీచి విడిగా లెక్క ప్రకటింప నారంభించినది. పాలనాధికారము లేకున్నను లెక్క కలదు. ఈ ఒక్క విషయమున మనము వారినుండి గ్రహింపదగినది కలదని తోచుచున్నది.

మన రాజ్యాంగము 243వ అనుచ్ఛేదము ప్రకారము, గవర్నరు ప్రకటనచే నిర్దేశించినదే పంచాయతీ విషయమున ‘గ్రామము’. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము పిమ్మట, అంతకుముందున్న 8,368 పంచాయతీలకు తోడు తండాలతోను శివారు ఆవాసములతోను 4,383 క్రొత్త పంచాయతీలేర్పడి, మొత్తము 12,751 అయినవి. కాని రెవెన్యూ గ్రామముల ఎల్లలు దీనితో మారలేదు. ఒక రెవెన్యూ గ్రామమున 2011లో 2,400 మంది కలరనుకొందము. మూలగ్రామమొక పంచాయతీ, క్యాంపు మరియొకటి అయినవి. ఈ 2,400లో క్యాంపు వంతెంత? పుస్తకము చెప్పదు, గణన బ్లాకుల కాగితములను, ఇండ్ల పట్టీని చూచి విడదీయవలెను. ఆ విభజనలో రెండు వందల మంది అటువారిటు పడినచో నష్టము చిన్నది కాదు. పదునైదవ ఆర్థిక సంఘము రాష్ట్రముల నడుమ స్థానిక సంస్థల నిధులను పంచునపుడు 2011 జనాభాకు నూటికి తొంబది, విస్తీర్ణమునకు పది పాళ్లు విలువ కట్టినది. లెక్కకెక్కని మనిషికి నీటిగొట్టమును, వీధిదీపమును సమకూర్చుటకు పైకము పొరుగు ఖాతాలో నుండును.

రాబోవు గణనకు 2027 మార్చి 1వ తేది ఆధారదినమని 2025 జూన్‌లో ప్రకటన వెలువడినది. ఇచట మన జిల్లాకు సంబంధించిన చిక్కొకటి కలదు. 2011లో పాటించిన నియమము ననుసరించి, ఫిబ్రవరి 9 మొదలు 28 వరకు గల గణనకాలమందంతయు ఊరిలో లేనివానిని ఆ ఊరిలో లెక్కింపరాదు, అతడున్నచోటనే లెక్కింపవలెను. ఫిబ్రవరి చెరకు కోతల కాలము. కోతకు పోయిన కుటుంబమంతయు పరాయి శివారున గుడిసెలో నుండును. అచటి గణకుడు ఆ గుడిసెను చూడనిచో వారు రెండు చోట్లను లేనట్లే. గల్ఫు దేశములకు పోయినవారు సరేసరి. 2011లో నిజామాబాదు జిల్లాలో వెయ్యిమంది పురుషులకు 1,040 మంది స్త్రీలు కలరు. ఈ అంకెకు వలస యొక కారణము.

గణకుడు తన బ్లాకునకు నజరీ నక్ష గీయును. అది కొలతలు లేని చేతిపటము. అతడు పొరుగూరి ఉపాధ్యాయుడు కావచ్చును. కాలువ ఆవలి పది ఇండ్లు అతనికెట్లు తెలియును? కావున ప్రతి పంచాయతీ తన శివారు ఆవాసములన్నిటికి ముందే పట్టీ సిద్ధము చేసికొనవలెను. ఆవాసము పేరు, వాడుకలోని మారుపేరు, అది ఏ రెవెన్యూ గ్రామపు శివారులోనిది, మూలగ్రామమునుండి దూరమెంత, ఇండ్లెన్ని, తాళము వేసిన ఇండ్లెన్ని, కోతకాలమున గుడిసెలు పడు తావులేవి అను వివరములు అందుండవలెను. క్యాంపు రెండు శివారులలో పడినచో ఏ వీధి ఎటువైపునకు చెందునో పొరుగు పంచాయతీవారితో కలిసి నడచి చూచి వ్రాసికొనవలెను. ఇంటిపన్ను రిజిస్టరు దీనికి ఆధారమగును గాని, పన్ను కట్టని గుడిసె అందుండదు. ఆ గుడిసెలను తెలిసినవారు ఆ వార్డు సభ్యులే. పట్టీ ప్రతియొకటి పంచాయతీ కార్యదర్శి యొద్దను, మరియొకటి మండల తహసీలుదారు కార్యాలయమునందును ఉండవలెను.