సర్వరునందు డ్రైవరుల పోషణము: డీకేఎంఎస్ స్థాపన విధానము

పాఠశాల కంప్యూటరు గదిలోని యంత్రములన్నిటికిని పాఠములను, ప్రశ్నపత్రములను అందించునది సర్వరు. దానిని నడపు మూల ప్రోగ్రామునకు కర్నెలని పేరు. నెట్‌వర్కు కార్డు మొదలగు పరికరములతో కర్నెలు మాటలాడవలెనన్న నడుమ నొక దుబాసి యుండవలెను. ఆ దుబాసియే డ్రైవరు. ఇంట నొక భాషయు, వీథిలో వేరొక భాషయు వినుచు పెరుగు బిడ్డల తల్లిదండ్రులకు దుబాసి విలువను వేరుగ జెప్పనక్కరలేదు.

1991లో లినస్ టోర్వాల్డ్స్ వెలువరించిన లినక్సు కర్నెలుతో నేడు పెక్కు డ్రైవరులు కలిసియే వచ్చుచున్నవి. కొన్నిటిని మాత్రము పరికర నిర్మాతలు వేరుగ నిత్తురు. ఇట్టి డ్రైవరు ఏ కర్నెలుకొరకు కూర్పబడినదో సామాన్యముగా దానితోడనే పనిచేయును. భద్రతకై కర్నెలును మార్చినపుడు పాత కూర్పు పనికిరాకపోవచ్చును. అది నెట్‌వర్కు కార్డునకు సంబంధించినదైనచో, పరీక్షదినమున గదిలోని యంత్రములకు సర్వరుతో సంబంధమే తెగును. ఆ భయముచే కర్నెలును మార్చకుండుట మరింత ప్రమాదము. బయటపడిన లోపములు పూడక నిలిచిపోవును.

ఈ చిక్కును తీర్చుటకై డెల్ సంస్థ ఇంజనీర్లు 2003లో డీకేఎంఎస్ అను సాధనమును నిర్మించిరి. ఇది డ్రైవరు మూలపాఠమును దాచియుంచి, క్రొత్త కర్నెలు వచ్చినపుడెల్ల దానికి తగినట్లు మరల కూర్చును.

ఉబుంటు సర్వరునందు దీనిని స్థాపించు క్రమమిది. ఆజ్ఞలను ఆంగ్లాక్షరములతో టైపు చేయవలెను.

1. 'సుడో ఆప్ట్ అప్‌డేట్' అను ఆజ్ఞతో ప్యాకేజీల పట్టికను సరిక్రొత్తగ చేయవలెను.

2. 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ డీకేఎంఎస్ లినక్స్-హెడర్స్-జెనెరిక్' అని యియ్యవలెను. హెడరు ఫైళ్లు లేనిదే కూర్పు సాగదు.

3. డ్రైవరు మూలపాఠమును 'యూఎస్ఆర్' లోని 'ఎస్ఆర్‌సీ' యందు, పేరును కూర్పుసంఖ్యయు గల ఫోల్డరులో నుంచవలెను. అందు 'డీకేఎంఎస్.కాన్ఫ్' అను ఫైలుండి తీరవలెను. అందలి 'ఆటోఇన్‌స్టాల్' పంక్తికి 'యస్' అని యున్నచో ముందుముందు కూర్పు తనంతట తానే జరుగును.

4. పిదప 'డీకేఎంఎస్' అను మాటకు 'యాడ్', 'బిల్డ్', 'ఇన్‌స్టాల్' అను మాటలను వరుసగ జేర్చి, డ్రైవరు పేరును, సంఖ్యను చూపి మూడాజ్ఞల నియ్యవలెను. చేర్చుట, కూర్చుట, అమర్చుట అని వాని యర్థము.

5. 'డీకేఎంఎస్ స్టేటస్' అని యడిగినచో డ్రైవరు ఏ కర్నెలునకు అమర్పబడినదో తెలియును.

సెక్యూర్ బూట్ అమలులో నున్న యంత్రమునందు సంతకములేని డ్రైవరు చెల్లదు. స్థాపన సమయమున సంకేతపదము నడిగినచో దానిని వ్రాసియుంచుకొని, యంత్రము తిరిగి మొదలగునపుడు దానియెదుటనే కూర్చుండి తాళపుచెవిని నమోదు చేయవలెను. దూరమునుండి పని చేయువారు తరచుగ నిచ్చటనే చిక్కుపడుదురు.

మూలపాఠము మిక్కిలి పాతదైనచో క్రొత్త కర్నెలుతో కూర్పు విఫలము కావచ్చును. కావున పాత కర్నెలును వెంటనే తొలగింపరాదు. అవసరమైనచో దానితోడనే యంత్రమును నడపవచ్చును.

తల్లిదండ్రులు ఈ యాజ్ఞలను కంఠస్థము చేయనక్కరలేదు. పాఠశాల సమావేశమునందు రెండు ప్రశ్నలడిగిన చాలును: కర్నెలు మార్పులు సెలవుదినములలో జరుగుచున్నవా? యంత్రమును తిరిగి మొదలుపెట్టుటకు ముందు డ్రైవరుల స్థితిని చూచుచున్నారా? ఈ రెంటికిని అవునను జవాబు వచ్చెనేని, బిడ్డల పరీక్షదినమునకు తగిన రక్షణ కలదని యెంచవచ్చును.