ఏ గోడ ఎంత మోస్తుంది?

వజూ నీళ్ల ట్యాంకుకు చందా ఇచ్చే దాతలు మేస్త్రీని ఈ మాట అడగాలి.

నాలుగు మీటర్ల దూలం రెండు గోడల మీద ఆనివుందనుకుందాం. దాని బరువు 80 కిలోలు, నడిమధ్యన పనిచేస్తుంది. నిండు ట్యాంకు 500 కిలోలు. ఎడమ గోడకు మీటరు దూరం. ఎడమ ఆధారం నుంచి భ్రామకాలు: 500×1 + 80×2 = 660. వీటిని కుడి గోడ 4 మీటర్ల దూరం నుంచి నిలపాలి కనుక, దాని వాటా 660÷4 = 165 కిలోలు. మొత్తం 580లో మిగతా 415 ఎడమ గోడదే.

మన పిల్లలు చాలామంది చెరి 290 అని రాసేస్తారు. ట్యాంకు నట్టనడుమ ఉంటేనే అది నిజం. తక్కెడ మీద అల్‌ఖాజినీ 1121లోనే ‘మీజానుల్ హిక్మా’ అనే పెద్ద గ్రంథం రాశాడు. దూరం కూడా బరువుతో సమానంగా లెక్కకొస్తుందన్నది తక్కెడ సూత్రమే.

అచ్యుతాపురంలో పాత గోడ ఎడమవైపుంటే ట్యాంకును కుడి గోడకు మీటరు దూరానికి జరిపించండి. అప్పుడు పాత గోడకు 165 కిలోలే.