హ్యామ్ రేడియో సాఫ్ట్‌వేర్ ఏ ఓఎస్‌కి రాయాలి? ముందు ఇవి చూసుకోండి!

కోడింగ్ వచ్చిన కొత్త హ్యామ్‌లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "విండోసా, లినక్సా, ఆండ్రాయిడా?" నేనైతే ముందు ఇంకో ప్రశ్న వేస్తాను. ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడ నడవాలి? ఇంట్లో టేబుల్ మీదా, కరెంటు లేని చోటా?

విండోస్: ఇంట్లో కూర్చుని వాడేదైతే ఇది మంచి ఛాయిసే. కాంటెస్ట్‌లలో బాగా వాడే ఎన్1ఎంఎం లాగర్ ప్లస్ విండోస్ కోసమే తయారైంది.

ఆండ్రాయిడ్: 3.1 వెర్షన్ నుంచి యూఎస్‌బీ హోస్ట్ సపోర్ట్ ఉంది. ఓటీజీ కేబుల్‌తో రేడియోని కంట్రోల్ చేయొచ్చు. కానీ సీరియల్ చిప్‌తో మాట్లాడే కోడ్ మాత్రం మీ యాప్‌లోనే ఉండాలి.

ఐఫోన్: మామూలు యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌ని యాప్ నేరుగా వాడుకోలేదు. వైఫై, బ్లూటూత్ లో ఎనర్జీ ఉన్న రేడియోలకైతే ఓకే.

లినక్స్: నా ఓటు దీనికే. రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీద, స్క్రీన్ కూడా లేకుండా, బ్యాటరీతో నడిపించొచ్చు. డెబియన్, ఉబుంటుల్లో కేబుల్ పెట్టినా పోర్ట్ ఓపెన్ కాకపోతే, మీ యూజర్ 'డయల్‌ఔట్' గ్రూప్‌లో ఉన్నాడో లేదో చూడండి. చాలాసార్లు సమస్య అక్కడే ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన విషయం, టైమ్. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 మోడ్ 15 సెకన్ల స్లాట్‌లలో పనిచేస్తుంది. గడియారం ఒకటి రెండు సెకన్లు తప్పినా అవతలి సిగ్నల్ డీకోడ్ కావడం కష్టం. ఇంటర్నెట్ లేని చోట టైమ్ ఎవరిస్తారు? లినక్స్ బోర్డుకి ఒక జీపీఎస్ మాడ్యూల్ తగిలిస్తే సరి.

అలాగని ఒక్క ఓఎస్‌కే కట్టుబడిపోవద్దు. సిగ్నల్ లెక్కలు ఒక భాగంగా, స్క్రీన్ ఇంకో భాగంగా విడగొట్టండి. రేడియో కంట్రోల్‌కి హ్యామ్‌లిబ్, స్క్రీన్‌కి క్యూట్ వాడండి. 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న జో టేలర్ మొదలుపెట్టిన డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో ఉన్నవి ఈ రెండే. అందుకే అది విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తోంది.

ఇదంతా ఎందుకంటే, తుఫానుకి సెల్ టవర్లు పడిపోయిన ఊళ్లో కబురు అందించే దారి హ్యామ్ రేడియో ఒక్కటే కావచ్చు. కాబట్టి రిలీజ్‌కి ముందు ఒక టెస్ట్ చేయండి: వైఫై ఆపేయండి, ఛార్జర్ పీకేయండి, బోర్డుని రీస్టార్ట్ చేయండి. మీరు ఏమీ ముట్టుకోకుండానే రేడియోకి కనెక్ట్ అయితే, మీ సాఫ్ట్‌వేర్ రెడీ అయినట్టే. ట్రాన్స్‌మిట్ చేయాలంటే మాత్రం లైసెన్స్ తప్పనిసరి, మర్చిపోకండి!