కర్టెన్లు వేస్తే హారన్ల మోత ఆగుతుందా?

ప్రశ్న: మా ఫ్లాట్ మెయిన్ రోడ్డు మీదే ఉంది. హారన్ల మోతకు నిద్ర ఉండదు. పైగా హాల్లో ఏం మాట్లాడినా గింగురుమంటుంది. అకౌస్టిక్ కర్టెన్లు వేయిస్తే రెండూ తగ్గుతాయా?

జవాబు: గింగురుమనడం తగ్గుతుంది. హారన్ మాత్రం కాస్త మొద్దుబారుతుందే తప్ప ఆగదు. ‘సౌండ్‌ప్రూఫ్’ అని అమ్మే దుకాణదారు ఈ మాట చెప్పడు లెండి.

టైల్స్, నున్నటి గోడలు, గాజు శబ్దాన్ని వెనక్కి కొడతాయి. మందపాటి బట్ట పీల్చుకుంటుంది. అందుకు ఖరీదైన బ్రాండే అక్కర్లేదు, బరువైన వెల్వెట్ చాలు. కిటికీ వెడల్పుకు కనీసం రెట్టింపు బట్ట తీసుకుని, మడతలు నిండుగా పడేలా కుట్టించండి. గోడకు ఆనించకుండా 10 సెంటీమీటర్లు ఎడంగా వేలాడదీస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. నేల మీద మందపాటి తివాచీ కూడా పరవండి.

బయటి మోతను ఆపాలంటే బరువు, బిగింపు కావాలి. గాలి దూరే సందులోంచి శబ్దమూ దూరుతుంది. స్లైడింగ్ కిటికీలకు ఆ సందులే ఎక్కువ. కాబట్టి కర్టెన్ల కంటే ముందు అంచులకు బ్రష్ పట్టీలు, గాజు చుట్టూ రబ్బరు బీడింగ్ వేయించండి. అప్పటికీ నిద్ర పట్టకపోతే పడకగదికి లామినేటెడ్ గాజు. బస్సు ఇంజన్ గురగురకు ఏ కర్టెనూ అడ్డు కాదు.