పగిలిన పలక

నల్లమల కొండలకు తూర్పున మార్కాపురము కలదు. ఇచటి రాయి పొరలు పొరలుగా నుండుటచే పలుచని బిళ్ళలుగా చీలును. ఆ బిళ్ళకు కొయ్యచట్రము బిగించినచో పలక సిద్ధమగును. ఒకప్పుడు తెలుగు బాలలు పెక్కుమంది ఈ పలకలమీదనే అక్షరములు దిద్దిరి.

అట్టి పలక యొకటి తరగతిలో పగిలినదనుకొందము. ఏడేండ్ల బాలుని ప్రక్కవాడు త్రోసెను. పలక చేజారి రెండు ముక్కలయ్యెను. అది తండ్రి ముందునాడే గిద్దలూరు బజారులో కొని తెచ్చినది. బాలుని ముఖము జేవురించెను. వాడు పిడికిలి బిగించి ప్రక్కవానిపై బడెను. “వీడు వట్టి దుడుకువాడు” అని చూచువారందురు.

వాని దేహములో జరుగునది వేరు. ఆపద కలిగెనని మెదడు తలచినంతనే నాడీమండలము మేల్కొనును. మూత్రపిండములపై టోపీలవలె నున్న గ్రంథులు అడ్రినలిన్ అను స్రావమును రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, కండరములు బిగియును. పోరాడుటకో, పారిపోవుటకో శరీరము సిద్ధపడును. అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున ఈ మార్పులను వివరించెను. నల్లమలలో పులి యెదురైనచో ఈ యేర్పాటు ప్రాణము కాపాడును. పలక పగిలినపుడును అదియే మేల్కొనుట చిక్కు.

ఆవేశమును అదుపుచేయు మెదడు భాగము నుదుటి వెనుక నున్నది. అది పూర్తిగా నెదుగుటకు సుమారు 25 ఏండ్లు పట్టును. కావున ఏడేండ్లవానిని “ఊరకుండుము” అని గద్దించుట, ముకుతాడు లేని కోడెను కేకలతో నిలుపబూనుట వంటిది. పైగా ఆ గద్దింపు వానికి మరియొక ఆపదగా తోచును.

ఉపాధ్యాయురాలు బెత్తము తీయలేదు. పిల్లలను కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది కూడ. ఆమె ఇద్దరిని ఎడముచేసి, బాలుని ప్రక్కన నేలపై కూర్చుండెను. “క్రొత్త పలక పగిలెనని కోపము వచ్చినదా, బాబూ?” అని యడిగెను. వాడు పలుకలేదు. ఆమె నెమ్మదిగా ఊపిరి తీసి, అంతకంటె నెమ్మదిగా విడుచుచుండెను. కొంతసేపటికి వాని ఊపిరియు ఆ వరుసలో పడెను. ఊపిరి విడుచునపుడు, మెదడునుండి గుండెకు పోవు వేగస్ నాడి గుండె వడిని తగ్గించును. ఇందులకు ఖర్చు లేదు. కాని ముందుగా పెద్దవారు తాము శాంతింపవలెను. కష్టమంతయు అందే యున్నది.

అప్పుడు బాలుడు నోరు విప్పెను.

“నాయన కొట్టును, అమ్మా!”

కోపము క్రింద దాగియున్నది భయము. ఆమె పలకముక్కలను ఏరి సంచిలో నుంచెను. సాయంకాలము వానితోకూడ వారి యింటికి నడచెను.