విదేశయాత్రకు వెళ్లే పెద్దలకు కనీస బీమా చాలునా? (ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: కుమార్తె పురుటికి ఆరు నెలల పాటు అమెరికా వెళ్తున్న దంపతులకు విమానం టికెట్టుతో పాటు ట్రావెల్ ఏజెంటు 50 వేల డాలర్ల బీమా పాలసీ ఇచ్చాడు. భర్తకు 71 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి, గుండెకు స్టెంటు వేశారు. భార్యకు 66 ఏళ్లు. చెప్పుకోదగ్గ జబ్బులేమీ లేవు. ఈ పాలసీ సరిపోతుందా? (అల్వాల్)

జవాబు: భార్యకు కొంతవరకు సరిపోవచ్చు గాని, భర్తకు సరిపోదు. 50 వేల డాలర్లు అమెరికా ఆసుపత్రి ఖర్చుల ముందు చిన్న మొత్తం కావడం ఇందుకు ఒక కారణమే అయినా, అంతకన్నా ముఖ్యమైనది ఆ మొత్తం ఏ జబ్బుకు వర్తిస్తుంది, దేనికి వర్తించదు అన్న విషయం. పాలసీ తీసుకునే నాటికే ఉన్న రోగాన్ని, అది మందులతో అదుపులో ఉన్నప్పటికీ, బీమా పరిభాషలో ‘ప్రీ ఎగ్జిస్టింగ్ డిసీజ్’, అంటే ముందునుంచే ఉన్న వ్యాధి, అంటారు. కనీస స్థాయి ప్రయాణ బీమా పాలసీలు సాధారణంగా ఇటువంటి వ్యాధులకు, వాటి పర్యవసానంగా వచ్చే ఇబ్బందులకు చికిత్స ఖర్చు చెల్లించవు; కొన్ని మాత్రం ప్రాణాపాయ స్థితిలో ప్రాణం నిలిపే అత్యవసర చికిత్సకు, అదీ విడిగా విధించిన పరిమితికి లోబడి, చెల్లిస్తాయి. స్టెంటు ఉన్న వ్యక్తికి అక్కడ ఛాతీ నొప్పి వస్తే దానిని కంపెనీ కొత్త జబ్బుగా కాక పాత జబ్బుకు కొనసాగింపుగా చూసే అవకాశమే ఎక్కువ కనుక, ఆయనకు అవసరం రాగల చోటనే ఈ పాలసీ చేతులెత్తేస్తుంది. మెట్ల మీద జారిపడి కాలు విరిగినా, కొత్తగా న్యుమోనియా సోకినా ఇదే పాలసీ పనికివస్తుంది. కాని పెద్ద వయసులో విదేశానికి వెళ్లేవారి భయమంతా కాలు విరగడం గురించి కాదు కదా.

అమెరికా విజిటర్ వీసాకు బీమా తప్పనిసరి షరతు కాకపోవడం వల్ల చాలా కుటుంబాలు దీనిని టికెట్టుకు తోకగా వచ్చే కాగితంగానే చూస్తాయి. ప్రాణాపాయంలో ఆసుపత్రిలో చేర్చుకోరేమోనన్న భయం మాత్రం అక్కర్లేదు. 1986లో వచ్చిన ‘ఎమ్‌టాలా’ చట్టం ప్రకారం ‘మెడికేర్’ అనే అక్కడి ప్రభుత్వ వైద్య బీమాతో ఒప్పందం ఉండి అత్యవసర విభాగం నడిపే ఆసుపత్రులు, అంటే దాదాపు అన్నీ, రోగి చెల్లించగలడా లేదా అన్నది చూడకుండా పరీక్షించి, స్థితిని నిలకడకు తేవాలి. అయితే ఆ చట్టం చికిత్స నిరాకరించకూడదని చెబుతుందే తప్ప బిల్లును మాఫీ చేయదు. అది తరువాత ఇంటికి వస్తుంది.

ప్రశ్న: ఇక్కడ కొనడం మేలా, అమెరికాలో ఉన్న కుమారుడు అక్కడి కంపెనీ పాలసీ కొనడం మేలా? (మాచ బొల్లారం)

జవాబు: ఎక్కడ కొన్నారన్నదాని కన్నా ఏ రకం కొన్నారన్నది చూడాలి. సందర్శకుల కోసం అక్కడ అమ్మే పాలసీలు స్థూలంగా రెండు రకాలు. ‘ఫిక్స్‌డ్ బెనిఫిట్’ అనే మొదటి రకంలో గదికి రోజుకు ఇంత, డాక్టరు చూపుకు ఇంత, ఆపరేషనుకు ఇంత అని ఒక్కొక్క పద్దుకు ముందే గీత గీసి ఉంటుంది. ‘కాంప్రహెన్సివ్’ అనే రెండో రకంలో ‘డిడక్టబుల్’ అనే తొలి మొత్తాన్ని రోగి భరించిన తరువాత, మిగిలిన బిల్లులో కొంత దూరం వరకు కంపెనీ, రోగి ఒక నిష్పత్తిలో పంచుకుని, ఆపైన గరిష్ఠ పరిమితి దాకా కంపెనీయే చెల్లిస్తుంది.

తేడా తెలియడానికి ఒక ఊహాజనిత లెక్క చూడవచ్చు. కొత్తగా వచ్చిన జబ్బుతో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే రోజుకు 6 వేల చొప్పున 24 వేల డాలర్ల బిల్లు వచ్చిందనుకుంటే, రోజుకు 1,500 డాలర్ల పరిమితి ఉన్న మొదటి రకం పాలసీ 6 వేలు ఇచ్చి ఊరుకుంటుంది, మిగిలిన 18 వేలు కుటుంబం మీద పడతాయి. అదే రెండో రకంలో డిడక్టబుల్ 250 డాలర్లు ఉండి, తరువాతి 5 వేలలో రోగి వాటా 20 శాతం అయితే, కుటుంబం చెల్లించేది 1,250 డాలర్లు మాత్రమే. రెండింటి మీదా ‘50 వేల డాలర్లు’ అనే రాసి ఉంటుంది. కరపత్రంలో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె కూడా అదే కావడం యాదృచ్ఛికం కాదు.

రెండో రకం పాలసీల్లో కొన్ని ‘అక్యూట్ ఆన్‌సెట్’ అనే వెసులుబాటు కూడా ఇస్తాయి. పాత వ్యాధి ఏ ముందస్తు సూచనా లేకుండా హఠాత్తుగా తిరగబెట్టి, తక్షణ చికిత్స, సాధారణంగా 24 గంటల లోపు, అవసరమైతే దానికి చెల్లిస్తామనడమే దీని అర్థం. మొదటి ప్రశ్నలోని భర్త వంటి వారికి ఇదే కీలకం. అయితే షుగరు క్రమంగా పెరగడం, మాత్రలు తెచ్చుకోవడం, మామూలు చెకప్‌లు దీని కిందికి రావు. 70 లేదా 80 ఏళ్లు దాటిన వారికి ఈ వెసులుబాటు కింద ఇచ్చే మొత్తం బాగా తగ్గడమో, పూర్తిగా పోవడమో జరుగుతుంది. కనుక కొనేటప్పుడు ధర కన్నా ముందు పాలసీలో ఈ వెసులుబాటు గురించి రాసిన పేజీ చదవాలి. భారతీయ కంపెనీల పాలసీని మాత్రం సాధారణంగా బయలుదేరక ముందే కొనవలసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఏ పాలసీ అయినా రోగిని స్వదేశానికి తరలించే ఖర్చు, మరణం సంభవిస్తే పార్థివ దేహాన్ని పంపే ఖర్చు అందులో ఉన్నాయో లేదో చూడడం అశుభం కాదు, అవసరం.

ప్రశ్న: మాజీ సైనికులకు ఇచ్చే ఈసీహెచ్ఎస్ కార్డు, 70 ఏళ్లు దాటిన వారి ఆయుష్మాన్ కార్డు విదేశంలో ఉపయోగపడతాయా? (బొల్లారం)

జవాబు: వాటి మీద ఆధారపడి బయలుదేరకూడదు. 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్ఎస్ తన పాలీక్లినిక్‌లు, ఒప్పందం ఉన్న ఆసుపత్రుల చుట్టూ అల్లుకున్న ఏర్పాటు. 2024 అక్టోబరులో 70 ఏళ్లు దాటిన వారందరికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, దేశంలోని గుర్తింపు పొందిన ఆసుపత్రులకే పరిమితం. బొల్లారం వంటి కంటోన్మెంటు ప్రాంతాల్లో రిటైరైన సైనికుల కుటుంబాలు ఎక్కువ గనుక ఈ సంగతి కాస్త గట్టిగానే చెప్పవలసి ఉంది.

ప్రశ్న: ప్రీమియం పెరుగుతుందని దరఖాస్తులో బీపీ, షుగర్ రాయవద్దని ఏజెంటు చెబుతున్నాడు. పాటించవచ్చా? (లోతుకుంట)

జవాబు: పాటించకూడదు. క్లెయిము వచ్చిన తరువాత కంపెనీ పాత మందుల చీటీలు, ఆసుపత్రి రికార్డులు తెప్పించుకుంటుంది. దాచిన సంగతి బయటపడితే ఆ జబ్బుతో పాటు మొత్తం క్లెయిమే తిరస్కరణకు గురి కావచ్చు. అన్నీ నిజాయితీగా రాసినా భారతీయ కంపెనీ అన్యాయంగా తిరస్కరిస్తే, ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఫలితం లేనప్పుడు ఏడాది లోపల హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చు. అమెరికాలో కొన్న పాలసీలకు ఈ దారి లేదు.

ప్రశ్న: మిగతా దేశాల్లో నిబంధన ఎలా ఉంది? (అల్వాల్)

జవాబు: యూరప్ దేశాలకు వెళ్లే షెంగెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. పిల్లల దగ్గర ఎక్కువ కాలం ఉండడానికి కెనడా ఇచ్చే సూపర్ వీసాకు కనీసం ఏడాది కాలానికి లక్ష కెనడియన్ డాలర్ల బీమా కావాలి. ఇవి వీసా ఇవ్వడానికి పెట్టిన కనీస హద్దులే. ముందునుంచే ఉన్న వ్యాధికి ఆ పాలసీలు చెల్లిస్తాయన్న హామీ వాటిలో లేదు.

ప్రశ్న: 82 ఏళ్ల తల్లికి వారానికి రెండుసార్లు డయాలిసిస్ జరుగుతోంది. మనవడి పెళ్లికి డాలస్ తీసుకెళ్లడానికి ఏ పాలసీ మంచిది? (షామీర్‌పేట)

జవాబు: ఇది పాలసీతో తేలే ప్రశ్న కాదు. క్రమం తప్పక జరిగే డయాలిసిస్‌ను అత్యవసర చికిత్సగా పరిగణించరు కనుక సందర్శకుల పాలసీలు దాని ఖర్చు ఇవ్వవు. 80 ఏళ్లు దాటిన వారికి గరిష్ఠ మొత్తాన్నే చాలా పాలసీలు బాగా కుదిస్తాయి. చికిత్స చేస్తున్న వైద్యుడు ప్రయాణానికి అనుమతించినా ప్రతి డయాలిసిస్ ఖర్చునూ కుటుంబం సొంతంగా భరించవలసి వస్తుంది. అంత స్తోమత లేనప్పుడు పెళ్లి అయ్యాక కొత్త దంపతులే షామీర్‌పేట వచ్చి ఆమె ఆశీర్వాదం తీసుకోవడం మంచిది.