బోర్డు మీది మాట

ఒక అక్కకు పార కావాలి. ఊరి అంగడిలో పార 300 రూపాయలు. అక్క అనంతపురం పోయింది. అక్కడ ఇనుప సామాన్ల పెద్ద అంగడి ముందు బోర్డు ఉంది. అక్క కూడబలుక్కొని చదివింది.

“ఎవరు తక్కువకు ఇచ్చినా, మేమూ అదే ధరకు ఇస్తాం.”

పక్క అంగడిలో పార 280 అని అక్క చెప్పింది. పెద్ద అంగడి వాళ్లు 280కే ఇచ్చారు. అక్కకు 20 రూపాయలు మిగిలింది.

బస్సు ఖర్చు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. కానీ ఒక పూట కూలి పోయింది.

పెద్ద అంగడి లారీలతో సరుకు తెస్తుంది. ధర తగ్గించినా తట్టుకుంటుంది. చిన్న అంగడి పది పారలే తెస్తుంది. తగ్గిస్తే నష్టం.

ఇంకో సంగతి. చిన్న అంగడి తగ్గిస్తే పెద్ద అంగడి కూడా వెంటనే తగ్గిస్తుంది. అప్పుడు చిన్న అంగడికి కొత్త బేరం రాదు. అందుకని తగ్గించడమే మానుకుంటుంది. అందరి ధరా ఎక్కువలోనే నిలిచిపోవచ్చు.

వానలు లేని ఏడు చేతిలో డబ్బుండదు. శెనక్కాయ పంట వచ్చేదాకా ఊరి అంగడి అప్పు ఇస్తుంది. అది మూతపడితే అప్పు ఎవరిస్తారు?

ధర ఒక్కటే చూడకండి. కూలి, అప్పు కూడా లెక్క వేయండి. ఎక్కడ కొన్నా బిల్లు అడగండి. మోసం జరిగితే 1915కు ఫోన్ చేయండి. అది వినియోగదారుల నంబరు.

ఆలోచించండి:
1. అక్కకు నిజంగా ఎంత మిగిలింది?
2. మీ ఊరి అంగడి మూతపడితే మీకు ఏమవుతుంది?